అడక్కుండా తీసుకున్న అవును

మా టీములో ఆయన్ని అందరూ పేరు పెట్టే పిలిచేవారు. ఆఫీసు మర్యాద అది. నిన్న చేరిన పిల్ల కూడా యాభై ఆరేళ్ళ మనిషిని పేరుతో పిలవాల్సిందే. నేను మాత్రం "సార్" అనేదాన్ని. ఆయన ఎన్నిసార్లు వద్దన్నా నా నోరు తిరగలేదు. మాది పుప్పాలగూడ, ఈ టవర్లు మొలవకముందు నుంచీ అక్కడే ఉన్న కుటుంబం. పని నేర్పినవాళ్ళని పేరుతో పిలిచానని తెలిస్తే మా అమ్మ ఇప్పటికీ నెత్తిమీద ఒకటి వేస్తుంది. ఇంజనీరింగ్ కాలేజీ నాకు సర్టిఫికెట్ ఇచ్చింది గానీ, సి ప్లస్ ప్లస్ అనే కంప్యూటర్ భాష నేర్పింది ఆయనే. నానక్‌రామ్‌గూడలో తొమ్మిదో అంతస్తులో ఆయన పక్క కుర్చీలో కూర్చుని ఏడేళ్ళు నేర్చుకున్నాను.

ఆయనకు ఒకటే భయం ఉండేది, మతి పోతుందేమోనని. వాళ్ళమ్మగారికి అరవై దాటకుండానే మరుపు మొదలైందట. ముందు వస్తువులు, తర్వాత వారాలు, తర్వాత మనుషులు. చివరి రెండేళ్ళూ కన్నకొడుకుని పట్టుకుని "ఎవరబ్బాయివి బాబూ, భోంచేశావా?" అని అడిగేదట. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన నవ్వడానికి చూసేవారు. "అందుకే ప్రతి లైనూ రెండుసార్లు చూస్తానమ్మా. మా ఇంట్లో ముందు పోయేది జ్ఞాపకమే" అనేవారు. మేం నిజంగానే నవ్వేవాళ్ళం. ఆరేళ్ళ కిందటి ఫైల్లో ఏ లైన్లో ఏముందో చూడకుండా చెప్పే మనిషి మతిమరుపుకు భయపడుతుంటే నవ్వు రాక ఏం వస్తుంది? ఆ భయం నిజమేనని ఆయన చేత నమ్మించింది నేను. తెలిసి చేశానా తెలియక చేశానా అన్నది తర్వాతి మాట. చేశాను.

మా కంపెనీ ఆసుపత్రుల్లో వాడే ఒక చిన్న యంత్రానికి ప్రోగ్రాం రాస్తుంది. మందు నింపిన సిరంజిని అందులో బిగిస్తే, డాక్టరు చెప్పిన వేగంతో, చెప్పినంత సేపు, సన్నగా రోగి నరంలోకి నెడుతుంది. గంటకు ఇన్ని మిల్లీలీటర్లు, ఇన్ని నిమిషాలు. ఆ రెండు అంకెలూ సరిగ్గా ఉంటే మనిషి బతుకుతాడు.

చిక్కల్లా ఏమిటంటే, ఉత్త అంకెకు అర్థం ఉండదు. ఐదు అంటే ఐదు మిల్లీలీటర్లా, ఐదు నిమిషాలా? అందుకని ఆ భాషలో మన సొంత రకాలు మనమే తయారు చేసుకోవచ్చు. మేము "వేగం" అని ఒకటి, "వ్యవధి" అని ఒకటి చేసుకున్నాం. వేగం ఇవ్వాల్సిన చోట వ్యవధి ఇస్తే కంపైలర్ ఒప్పుకోదు. కంపైలర్ అంటే మనం రాసినదాన్ని యంత్రానికి అర్థమయ్యేలా మార్చే ప్రోగ్రాం. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. ఒక్క అంకెతో ఆ రకం తయారయ్యేటట్టుంటే, మనం ఉత్త అంకె ఇచ్చినా కంపైలర్ తనంతట తనే దాన్ని వేగంగానో వ్యవధిగానో మార్చేసుకుని ముందుకు పోతుంది. మనల్ని అడగదు, మార్చానని చెప్పదు. అలా చెయ్యొద్దు అనాలంటే ఆ రకం తయారయ్యే చోట "ఎక్స్‌ప్లిసిట్" అని ఒక మాట రాయాలి. ఆ మాట ఉంటే, ఇది వేగం, ఇది వ్యవధి అని మనం నోరు తెరిచి చెబితే తప్ప అది ఒప్పుకోదు.

నాకు ఇది మొదట్లో తలకెక్కలేదు. ఆయన టీ బండి దగ్గర నిలబెట్టి చెప్పారు.

"మా గుంటూరు వైపు భోజనాల్లో చూడండమ్మా. మీరు మాట్లాడకుండా కూర్చుంటే వడ్డించేవాడు వడ్డించుకుంటూనే పోతాడు. వద్దనాలంటే విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాలి. ఎక్స్‌ప్లిసిట్ అంటే ఆ చెయ్యి అన్నమాట."

అర్థమైంది. కానీ అర్థమవడం వేరు, ఓపిక వేరు. ఆ ఒక్క మాట లేదని నా కోడ్‌ని ఆయన ఒక్కోసారి మూడేసి సార్లు తిప్పి పంపేవారు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత దభీమని వేసేదాన్ని. "ఏందమ్మా, పాపం మూత ఏం చేసింది?" అని నవ్వేవారు. ఏందమ్మా అనడం మా దగ్గర నేర్చుకున్నారు. ఆయన నోట అది పెట్టుడు మీసంలా ఉండేది, నేను ఆ మాట ఆయనతో అనేదాన్ని కూడా.

మా దగ్గర ఎవరేం రాసినా రెండో మనిషి చదివి, స్క్రీన్ మీద ఒప్పుకున్నట్టు బటన్ నొక్కితేనే అది లోపలికి పోతుంది. నొక్కినవాళ్ళ పేరు, టైము పక్కనే నమోదవుతాయి. మా టీముకు ఆ రెండో మనిషి ఆయనే. చేరిన మొదటి రోజే నాతో అన్నారు, "రాసినవాళ్ళది కాదమ్మా తప్పు, చూసినవాళ్ళది. మీరు భయపడకుండా రాయండి. భయపడటం నా పని." అలాంటి మాట చెప్పిన పెద్దమనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఆ బటన్ ఆఫీసు నెట్‌వర్క్ లోపలి నుంచే పనిచేసేది. ల్యాబ్‌లో యంత్రాల పక్కన ఆయన డెస్క్‌టాప్ ఒకటి ఆయన పేరు మీద ఎప్పుడూ తెరిచే ఉండేది, ఎందుకంటే అది మూస్తే బల్ల మీద నడుస్తున్న పరీక్షలన్నీ ఆగిపోతాయి. ఆయన దారిలోనో ఇంట్లోనో ఉన్నప్పుడు పని అర్జెంటైతే, నేను ఆఫీసు యాప్‌లో కాల్ చేసేదాన్ని. ఆయన ఫోనులోనే చదివి, "చూశానమ్మా, నొక్కేయండి" అనేవారు. నేను ల్యాబ్‌లోకి వెళ్ళి ఆయన పేరు మీద నొక్కేదాన్ని. రూలు ప్రకారం అది తప్పు. అందరికీ తెలుసు, అందరూ చూసీ చూడనట్టు ఊరుకున్నారు. ఆ యాప్‌లో పాత కాల్స్ నాలుగు రోజులు కూడా నిలవవు.

ఆ రోజు వాళ్ళమ్మగారి తద్దినం. ఆయన సెలవు పెట్టి బాచుపల్లిలో ఇంట్లోనే ఉన్నారు. మధ్యాహ్నానికల్లా మా పని టెస్టింగ్ వాళ్ళకు అందాలి. నేను కొత్తగా రాసిన భాగంలో నలభై చోట్ల వేగం, వ్యవధి ఉత్త అంకెలుగా ఇచ్చేశాను. కంపైలర్ నలభై తప్పులు చూపించింది. నలభై లైన్లూ సరిదిద్దుకోవడం ఒక దారి. ఆ రెండు రకాల ముందున్న ఎక్స్‌ప్లిసిట్ తీసేయడం ఇంకో దారి. రెండు మాటలు చెరిపేస్తే నలభై తప్పులూ మాయం. తర్వాత మళ్ళీ పెట్టేద్దాంలే అనుకున్నాను. చెరిపాను. స్క్రీన్ అంతా పచ్చబడింది. నాకు ఎంత హాయిగా అనిపించిందో ఇప్పటికీ గుర్తుంది, చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది.

ఇక ఆయనకు కాల్ చెయ్యాలి. చేతిలోకి ఫోన్ తీసుకున్నాను. పదకొండు దాటింది. ఈ పాటికి తడి బట్టలతో పీట మీద కూర్చుని ఉంటారు, పిండాల దగ్గర మనిషిని ఫోనుకు పిలవడం ఏమిటి అనుకున్నాను. అది నిజమే. కానీ అంతే నిజం ఇంకోటి ఉంది. కాల్ చేస్తే ఆయన ఆ రెండు మాటలు చెరిపిన సంగతి పట్టేసుకుంటారు, తిప్పి పంపుతారు, నా పని ఆగిపోతుంది. ఎన్నిసార్లు తిప్పి పంపినా చివరికి సరే అనే అంటారు కదా, ఆ సరే ఏదో నేనే అనుకుంటే పోలా అనుకున్నాను. ల్యాబ్‌లోకి వెళ్ళి నొక్కాను. పదకొండూ పది, ఆయన పేరు.

మౌనం అర్ధాంగీకారం అంటారు. ఆయన మౌనంగా కూడా లేరు, అసలు అక్కడే లేరు. మొత్తం అంగీకారం నేనే కల్పించుకున్నాను.

మూడు వారాల తర్వాత ఒక ఆసుపత్రిలో యంత్రాన్ని సెలైన్ నీళ్ళతో పరీక్షిస్తున్నారు. అక్కడ ఒక నర్సమ్మ ఉంది. ఆమెకు కంప్యూటర్ సంగతులేమీ తెలియవు, సిరంజి సంగతి తెలుసు. "గంట పట్టాల్సింది ఐదు నిమిషాలల్ల అయిపాయె, ఇదేం మిషినండీ?" అందట. నా నలభై లైన్లలో ఒకచోట అంకెలు తారుమారయ్యాయి. గంటకు ఐదు మిల్లీలీటర్ల చొప్పున అరవై నిమిషాలు అని రాయాల్సింది, గంటకు అరవై చొప్పున ఐదు నిమిషాలు అని రాశాను. ఎలా చూసినా మొత్తం ఐదు మిల్లీలీటర్లే, అందుకే మొత్తం సరిచూసే పరీక్షలో అది దొరకలేదు. ఆ రెండు మాటలు చెరపకుండా ఉంటే ఉత్త అంకెలకు కంపైలర్ ఒప్పుకునేదే కాదు. ఏది వేగమో ఏది వ్యవధో చెప్పి రాస్తే, తారుమారైన చోట నా మొహాన కొట్టి చెప్పేది. నీళ్ళు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. గుండె మందు అయి ఉంటే?

ఆఫీసులో విచారణ పెట్టారు. పొడుగాటి బల్ల, ఒక వైపు మేనేజరూ క్వాలిటీ వాళ్ళూ, ఇంకో వైపు మేమిద్దరం. గోడ మీద తెరపై నా కోడ్, చెరిపిన రెండు మాటలూ ఎర్రగా. కింద ఆయన పేరు, తేదీ, టైము.

"ఆ రోజు మీరు లీవులో ఉన్నారు కదా. చూశారా?" అని మేనేజరు అడిగాడు.

ఆయన తెర వైపు చాలాసేపు చూశారు. తర్వాత నా వైపు తిరిగారు. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ఆ చూపును నేను చదువుకున్నాను. "మీరు అడక్కుండా నొక్కారు, నాకు తెలుసు, భయపడకండి, నేను చూసుకుంటాను" అని దాని అర్థం అనుకున్నాను. అంత పొడుగు వాక్యం ఆ చూపులో ఎక్కడుందో దేవుడికెరుక.

"చూసే ఒప్పుకుని ఉంటానండి. నా పేరే ఉంది కదా" అన్నారు ఆయన.

ఆ ఉంటానండి అన్న మాట దగ్గరే నాకు అర్థం కావాల్సింది. ఆయన చూసి ఉంటాను, చేసి ఉంటాను అని ఊహించి మాట్లాడే మనిషి కాదు. చూశాను, చూడలేదు, అంతే. నాకు అర్థం కాలేదు. అర్థం చేసుకోవడం నాకు ఇష్టం లేదు అంటే ఇంకా నిజంగా ఉంటుంది. ఏ కంప్యూటర్ నుంచి నొక్కారని ఎవరూ అడగలేదు. ఆయనే ఒప్పుకున్నాక ఆ ప్రశ్న ఎవరికి అవసరం?

బయటికి వచ్చాక లిఫ్ట్ దగ్గర "థాంక్స్ సార్" అన్నాను. "పర్లేదమ్మా. రాసినవాళ్ళది కాదుగా" అన్నారు. ఆయన మొహం పాలిపోయి ఉంది. నేను ఇంకొక్క మాట మాట్లాడి ఉంటే సరిపోయేది. ఇద్దరికీ తెలిసిందే కదా, పైకి అనడం ఎందుకు అనుకుని లిఫ్ట్ ఎక్కాను.

కంపెనీ ఆయన్ని పొమ్మనలేదు. ఆయనే నెల తిరక్కుండా రాజీనామా ఇచ్చారు. వీడ్కోలు కేకు కోసేటప్పుడు అందరూ ఏదో ఒకటి మాట్లాడారు, నా వంతు రాగానే నేను ఏడ్చేశాను. అది చూసి అందరూ నన్నే ఓదార్చారు. తర్వాత మూడు నెలలకు ఆ రెండో మనిషి స్థానం నాకిచ్చారు. మనసులో ఎక్కడైనా ముల్లు కదిలితే, ఆయనకు అంతా తెలుసు, తెలిసే భరించారు, పెద్ద మనసు, అని నాకు నేనే చెప్పుకునేదాన్ని. ఫోన్ మాత్రం ఎప్పుడూ చెయ్యలేదు. పెద్ద మనసున్న మనిషికి ఫోన్ చెయ్యడానికి అంత జంకెందుకని నన్ను నేను అడగనూ లేదు.

రెండేళ్ళు గడిచాయి. పోయిన ఎండాకాలం బాచుపల్లిలో మా మేనమామ కూతురి గృహప్రవేశానికి వెళ్ళాను. తిరిగి వస్తూ పూలకని ఒక దుకాణం ముందు ఆగితే, పక్కన కూరగాయల దగ్గర ఆయన, భార్య కనిపించారు. ఆయన చేతిలో చిన్న నోటుబుక్కు. వంకాయలు సంచీలో వేసి, బుక్కులో టిక్కు పెట్టి, మళ్ళీ సంచీలోకి చూసి, మళ్ళీ బుక్కు చూశారు. వెనకాల ఆవిడ ఆ సంచీ అందుకుని ఇంకోసారి చూసుకుంటోంది. నన్ను చూడగానే ఆయన మొహం విప్పారింది.

"మీరేనటగా ఇప్పుడు ఒప్పుకునేది! విన్నానమ్మా. చాలా సంతోషం" అన్నారు.

"మీరెలా ఉన్నారు సార్?"

"ఉన్నాను. బండి నడపడం మానేశానులెండి. ఇక్కడ ఒక కాలేజీ వాళ్ళు పాఠాలు చెప్పమని రెండుసార్లు వచ్చారు. వద్దన్నాను. పాఠం మధ్యలో ఏదైనా మర్చిపోతే పిల్లల ముందు బాగుండదు కదా." అని ఆగి, గొంతు తగ్గించి అడిగారు. "అమ్మా, ఒకటి అడగనా? ఆ తద్దినం రోజు మీరు కాల్ చేసినప్పుడు నేను ఏమన్నాను? చదివానన్నానా, చదవకుండా నొక్కేయమన్నానా? ఎంత ఆలోచించినా మీ కాల్ వచ్చినట్టే గుర్తు రావడం లేదు. మీరు అడక్కుండా నొక్కరు కదా. అంటే వచ్చే ఉండాలి. అమ్మకీ ఇలాగే మొదలైంది, మాట్లాడిన మాటే మర్చిపోయేది."

రెండేళ్ళు ఆయన క్షమించారని నేను పండగ చేసుకుంటుంటే, ఆయన రాని కాల్‌ను వెతుక్కుంటున్నారు. ఆ క్షణమే చెప్పి ఉండాలి. ఎండ, జనం, హారన్లు, ఆవిడ పక్కన, ఇన్ని సాకులు ఒక్కసారే దొరికాయి. "గుర్తు లేదు సార్" అన్నాను. ఆ మాట ఆయనతో అన్నాను! షేర్ ఆటోలో నలుగురి మధ్య ఇరుక్కుని, పూలు ఒళ్ళో పెట్టుకుని, ఇంటిదాకా ఏడుస్తూనే వచ్చాను.

ఇంట్లో మా అమ్మ పట్టేసింది. "ఏందే, గృహప్రవేశం పొయ్యొచ్చి గిట్ల కూసున్నవ్?" అంది. మొత్తం చెప్పాను. కంపైలర్, బటన్ ఆమెకు అక్కర్లేదు. ఆమెకు కావలసింది ఒక్కటే.

"ఆయనకు తెల్సని నీకెవలు జెప్పిండ్రు? ఆయన జెప్పిండా?"

"చెప్పలేదు. చూపు చూసి అనుకున్న."

"చూపు జూసి అనుకున్నవా? ఇగ సదువెందుకే నీకు? పెద్దమనిషి నెత్తి ఖరాబైందనుకొని తిరుగుతుండు, నువ్వేమో గుర్తులేదు సార్ అని వస్తివా?" చీపురు అందుకుంటుందేమో అనుకున్నాను. అందుకోలేదు, నా పక్కనే కూలబడింది. "పొయ్యి చెప్పు బిడ్డా. తిడితే తిట్టించుకో. ఆయన ఫికర్ ఒక్కటి తీరితే సాలు."

ఆ తర్వాతి ఆదివారం వెళ్ళాను. మూడో అంతస్తు, తలుపు ఆయనే తీశారు. హాల్లో కుర్చీ చూపించి, ముందు జేబులోంచి నోటుబుక్కు తీసి నేను వచ్చిన టైము రాసుకున్నారు. ఫ్రిజ్ తలుపు నిండా చిన్న చిన్న చీటీలు. పాలవాడికి చెప్పాను, బుధవారం. కరెంటాయన వచ్చి వెళ్ళాడు. తమ్ముడు ఫోన్ చేశాడు, మాట్లాడాను. ఆరేళ్ళ కిందటి లైన్లు నోటికి చెప్పిన మనిషి చేతిరాత అది. ఆవిడ కాఫీ తెచ్చి నా ముందు పెట్టింది.

"నేను కాల్ చెయ్యలేదు సార్" అన్నాను.

"ఎప్పుడమ్మా?"

"ఆ రోజు. తద్దినం రోజు. మీకు కాల్ రాలేదు. మిమ్మల్ని అడిగితే ఆపేస్తారని, నేనే వెళ్ళి మీ పేరు మీద నొక్కాను."

ఆయన పెన్నుకు మూత పెట్టి నోటుబుక్కు మీద పెట్టారు.

"అయితే నేను చూడలేదు" అన్నారు.

"చూడలేదు సార్."

"చదవకుండా నొక్కమనలేదు."

"అనలేదు."

"మర్చిపోలేదు."

"మర్చిపోవడానికి అక్కడ ఏమీ లేదు సార్." నాకు ఏడుపు ఆగలేదు. "మీకు తెలుసనుకున్నాను. మీటింగులో నా వైపు చూశారు, తెలిసే నన్ను కాపాడారనుకున్నాను."

"నాకెలా తెలుస్తుందమ్మా, మీరు చెప్పకపోతే? కాల్ వచ్చిందా అని మిమ్మల్ని అడుగుదామని చూశాను. అందరి ముందూ అడిగితే మీకు ఇబ్బందని ఊరుకున్నాను." ఆ గొంతులో కోపం లేదు. నా కోడ్ తిప్పి పంపి, ఎక్కడ తప్పిందో విడమరిచి చెప్పేటప్పుడు ఉండే గొంతే. ఆ గొంతు కంటే చెంప దెబ్బ నయం.

ఆయన లేచారు. కళ్ళు తడిశాయి, వయసు మాత్రం ఇరవై ఏళ్ళు తగ్గినట్టుంది. "విన్నావా? నాకు ఏమీ కాలేదుట. బానే ఉన్నానుట. ఉండు, తమ్ముడికి చెప్పాలి, వాడు డాక్టర్ల చుట్టూ ఎంత తిరిగాడో" అంటూ భార్య భుజం తట్టి, ఫోన్ వెతుక్కుంటూ లోపలి గదిలోకి వెళ్ళారు.

ఆవిడ గోడకానుకుని నిలబడే ఉంది. ఇప్పుడు వచ్చి, నేను సగం తాగిన కాఫీ గ్లాసు నా ముందు నుంచి తీసేసింది. నేను లేచి నిలబడ్డాను.

"ఆయనకు కోపం రాదు. ఏడేళ్ళు పక్కన కూర్చున్నారు, ఆ సంగతి మీకు తెలుసు" అంది, లోపలికి వినపడకుండా. "రెండుసార్లు స్కానింగులు తీయించాం. ఏమీ లేదని డాక్టర్లంటే, వాళ్ళకేం తెలుసు, మా అమ్మకీ మొదట్లో ఏమీ లేదనే అన్నారు అనేవారు. పోయినేడు మనవరాలు పుడితే ఎత్తుకోనన్నారు. ఎత్తుకున్న సంగతి మర్చిపోయి ఎక్కడైనా వదిలేస్తానేమోనని భయం. ఇవాళ ఆయన సంతోషంగా ఉన్నారు కాబట్టి మిమ్మల్ని ఏమీ అనను. ఇంకెప్పుడూ మా ఇంటికి రాకండి."

చెప్పులు వేసుకుని బయటికి వచ్చాను. ఆవిడ తలుపు వేసింది. లోపలి నుంచి ఆయన గొంతు ఇంకా వినిపిస్తూనే ఉంది. ఎంత మంచి పిల్లరా, ఇంత దూరం వచ్చి మరీ చెప్పింది అని తమ్ముడితో నన్ను మెచ్చుకుంటున్నారు.